కరకరలాడే దుంపకు కారణం ఏమిటి?

రుచిగా కుదిరిన వంటను ఎవరూ ప్రశ్నించరు. ఫలితం బాగున్నప్పుడు దానికి చెప్పిన కారణం కూడా నిజమేనని నమ్మడం లోకసహజం. కాని ఫలితం వేరు, కారణం వేరు. మాంసాన్ని మొదటే తీవ్రమైన వేడికి గురిచేస్తే పైపొర గట్టిపడి, లోపలి రసాలను బయటికి పోనీయకుండా కాపాడుతుందని జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు జస్టస్ ఫాన్ లీబిగ్ 1847లో వివరించాడు. యూరపులోని వంటవారు ఆ మాటను వేదవాక్యంగా స్వీకరించారు. 1930లలో కొందరు మాంసాన్ని తూకం వేసి పరీక్షించి చూస్తే, అలా కాల్చినందువల్ల రసమేమీ నిలిచిపోవడం లేదని తేలింది. ఎర్రగా కాలిన మాంసం రుచిగా ఉండే మాట నిజమే. చెప్పిన కారణం మాత్రం నిజం కాదు.

బంగాళాదుంప విషయంలోనూ ఇటువంటి పరిశీలన అవసరం. ఇంగ్లండులో ఆదివారం మధ్యాహ్న భోజనంలో మాంసం పక్కన వడ్డించే రోస్టు బంగాళాదుంపకు గొప్ప పేరున్నది. అది పైన కరకరలాడాలి, లోపల వెన్నలా మెత్తగా ఉండాలి. అందుకు అక్కడి ఇల్లాండ్రు అనుసరించే పద్ధతి చాలా కాలంగా స్థిరపడినదే. తొక్క తీసిన ముక్కలను ఉప్పునీటిలో సగానికి పైగా ఉడికిస్తారు. నీరు వార్చి, మూతపెట్టి, గిన్నెను గట్టిగా కుదుపుతారు. అంచులు చెదిరి నలిగిన ముక్కలను బాగా కాగిన కొవ్వులో దొర్లించి ఓవెనులో కాలుస్తారు. నైజెల్లా లాసన్ వంటి రచయిత్రులు కుదిపే ముందు కొంచెం బొంబాయి రవ్వ కూడా చల్లమంటారు. చేమదుంపలను ముందు ఉడికించి, తొక్క తీసి, బియ్యప్పిండి చల్లి వేయించే తెలుగు గృహిణికి ఈ ఉపాయం కొత్తగా తోచదు.

ఈ పాత పద్ధతికి అమెరికన్ వంటల రచయిత జె. కెంజీ లోపెజ్-ఆల్ట్ 2016లో ఒక సవరణ ప్రకటించాడు. ఆ సవరణ, దానితో పాటు ప్రచారంలోకి వచ్చిన వివరణ ఎంతవరకు నిలుస్తాయో చూడడం విజ్ఞాన విద్యార్థులకు లాభదాయకం.

వంట సోడా చేసే పని

సవరణ చిన్నదే. సుమారు 1.8 కిలోల దుంపలకు 1.9 లీటర్ల నీరు, ఆ నీటిలో ఉప్పుతో పాటు అర టీ చెంచా వంట సోడా. ముక్కలు పది నిమిషాలు ఉడికిన తరువాత నీరు వార్చి, వేడి నూనె కలిపి, ముక్కలకు మెత్తని పిండి ముద్ద పట్టేవరకు కుదపాలి. తరువాత సుమారు 230 సెంటిగ్రేడు డిగ్రీల ఓవెనులో 20 నిమిషాలు కదల్చకుండా ఉంచి, తిరగవేసి, మరో 30 నుండి 40 నిమిషాలు కాల్చాలి.

అర చెంచా సోడా ఇంత పని చేయడానికి ఆధారం గట్టిదే. మొక్కల కణాలను ఒకదానితో ఒకటి అతికించి ఉంచే పదార్థం పెక్టిన్. గోడలో ఇటుకల మధ్య సున్నం వంటిది అది. వేడినీటిలో పెక్టిన్ గొలుసులు తెగిపోతాయి. నీరు క్షారంగా ఉంటే త్వరగా తెగుతాయి, కొద్దిపాటి ఆమ్లంగా ఉంటే ఆలస్యంగా తెగుతాయి. పైగా వంట సోడా మరిగే నీటిలో క్రమంగా బొగ్గుపులుసు వాయువును విడిచి సోడియం కార్బొనేటుగా మారుతుంది. అందువల్ల నీటి క్షారగుణం మరుగుతున్నకొద్దీ పెరుగుతుంది.

ఈ సత్యం తెలుగు వంటింటికి ఎప్పుడో తెలుసు. ముక్కలు ఉడకకముందే చింతపండు పులుసు పోస్తే అవి ఎంతసేపటికీ మెత్తబడవని పెద్దలు హెచ్చరిస్తారు. ఉడకని కందిపప్పులో చిటికెడు సోడా వేస్తారు. మొదటిది ఆమ్లం పెక్టిన్‌ను కాపాడడం, రెండవది క్షారం దానిని విడగొట్టడం. లోపెజ్-ఆల్ట్ కూడా 2010లో సన్నని బంగాళాదుంప వేపుడు ముక్కలకు ఇందుకు పూర్తిగా విరుద్ధమైన మార్గం చెప్పాడు. ఆ ముక్కలు విరిగిపోకుండా ఉండడానికి వెనిగర్ కలిపిన నీటిలో ఉడికించమన్నాడు. ఒకే సూత్రాన్ని గుర్తెరిగి, ఒకచోట ఆమ్లాన్ని, మరొకచోట క్షారాన్ని వాడడం శాస్త్రీయమైన ఆలోచన. ఈ పద్ధతిలో అన్నిటికన్నా మెచ్చదగిన అంశం ఇదే.

వైశాల్యం ఒక్కటే చాలునా?

సోడా వల్ల ముక్క ఉపరితలం చెదిరి, దాని వైశాల్యం పెరిగి, కరకర ఎక్కువవుతుందన్న వివరణ నేడు నోటినోటా వినిపిస్తున్నది. ఇందులో సగం నిజమే ఉన్నది. వైశాల్యమే అసలు కారణమైతే పచ్చి ముక్కను ఫోర్కుతో గీరి గరుకుగా చేసి కాల్చినా అదే ఫలితం రావాలి. అలా రాదు. పచ్చి ముక్కపై పలుచని, తోలు వంటి పొర మాత్రమే ఏర్పడుతుంది.

లోపం ఎక్కడున్నదో పిండి రేణువు చెబుతుంది. బంగాళాదుంపలో నూటికి సుమారు 79 పాళ్లు నీరు, 15 పాళ్లకు పైగా పిండిపదార్థం. పిండి చిన్నచిన్న రేణువులుగా కణాలలో నిల్వ ఉంటుంది. వేడి 60 డిగ్రీలు దాటిన తరువాత రేణువులు నీరు పీల్చుకొని ఉబ్బి జిగురుగా మారుతాయి. గంజి చిక్కబడేది ఇందువల్లనే. ఉడికిన ముక్కను కుదిపినప్పుడు పైకణాలు విడిపోయి, పగిలి, ఈ జిగురు ముక్క చుట్టూ పూతలా పడుతుంది. నూనె ఆ పూతలో కలిసిపోతుంది. ఓవెనులో అందలి నీరు ఆవిరై పోయినకొద్దీ పూత గుల్లబారి, గాజువలె పెళుసైన పొరగా గట్టిపడుతుంది. పంటికింద కరకరలాడేది ఆ పొర. వైశాల్యం పెరగడం వల్ల నీరు త్వరగా ఆవిరవుతుంది, అంతవరకే దాని సాయం. పూతకు ముడిసరుకు మాత్రం ఉడికిన పిండి.

ఇది మాటల పట్టింపు కాదు, కారణం మారితే ఆచరణ కూడా మారుతుంది. వైశాల్యమే ముఖ్యమనుకొన్నవాడు ముక్కను గీరుతూ కూర్చుంటాడు. పిండి ముఖ్యమని తెలిసినవాడు ముందుగా పిండి ఎక్కువగా ఉన్న దుంపను ఎన్నుకొంటాడు. నీరు వార్చిన తరువాత ముక్కలను కొంతసేపు ఆవిరి పోయేదాకా ఆరనిస్తాడు. ఉపరితలంపై తడి ఉన్నంతసేపు అక్కడి వేడి 100 డిగ్రీలకు మించదు, కాబట్టి పళ్లెంలో ముక్కలను ఒకదానిపై ఒకటి పేర్చడు. కాలిన తరువాత మూత పెట్టడు. మూతపెడితే లోపలి ఆవిరి పైపొరలో చేరి, పెళుసుదనం పోయి, పొర మెత్తబడుతుంది.

దుంప ఎన్నిక విషయంలో మరొక చిక్కు ఉన్నది. విదేశీ వంట పుస్తకాలు రసెట్, మారిస్ పైపర్ వంటి రకాల పేర్లు చెబుతాయి. అవి తెలుగు దేశపు బజారులో దొరకవు. ఇక్కడ అమ్మేవాడు బంగాళాదుంప అనో, ఆలుగడ్డ అనో, ఉర్లగడ్డ అనో చెబుతాడుగాని రకం పేరు చెప్పడు. పేరు తెలియకపోయినా గుణం తెలుసుకోవచ్చు. 900 గ్రాముల నీటిలో 100 గ్రాముల ఉప్పు కరిగిస్తే ద్రావణం సాంద్రత సుమారు 1.07 అవుతుంది. అందులో మునిగిన దుంపలో పిండి ఎక్కువ, తేలినదానిలో తక్కువ. రకం పేరుకు బదులు ఈ పరీక్షను రాసినట్లయితే ఏ దేశంవారికైనా ఆ పుస్తకం పనికివచ్చేది. నీటి విషయమూ ఇటువంటిదే. కాల్షియం ఎక్కువగా ఉన్న కఠిన జలం పెక్టిన్‌ను గట్టిపరుస్తుంది. బోరుబావి నీటితో వండే ఊళ్లలో పది నిమిషాలన్న లెక్క సరిపోకపోవచ్చు. గడియారంతో పాటు ముక్క అంచును కూడా చూడాలి.

ఒకేసారి రెండు మార్పులు

ప్రయోగ నియమం ప్రకారం ఒకసారి ఒక్క అంశాన్నే మార్చాలి. సోడా కలిపినప్పుడు మారేది ఉపరితలం ఒక్కటే కాదు, రంగు కూడా మారుతుంది. చక్కెరలు, ఎమినో ఆమ్లాలు వేడికి కలిసి గోధుమ వర్ణపు పదార్థాలను, కమ్మని వాసనలను పుట్టిస్తాయి. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ కమిల్ మెయిలార్డ్ 1912లో వర్ణించినందున దీనికి మెయిలార్డ్ చర్య అని పేరు. క్షారగుణం ఈ చర్యను వేగిరపరుస్తుంది. కాబట్టి సోడా ముక్క చూపులకే ఎక్కువ ఎర్రగా, ఎక్కువ కాలినట్లుగా కనబడుతుంది. ఆ రంగును చూసినవాడు కరకర కూడా ఎక్కువే అనుకొంటాడు. రెండు రకాల ముక్కలను కళ్లకు గంతలు కట్టుకొని రుచి చూస్తే గాని ఏది రంగు ప్రభావమో, ఏది నిజమైన కరకరో చెప్పలేము.

ఎరుపు ఎంతవరకు?

రంగు విషయం ఇక్కడితో ముగియదు. దుంపలలో ఆస్పరజిన్ అనే ఎమినో ఆమ్లం ఎక్కువ. అది చక్కెరలతో కలిసి 120 డిగ్రీలు దాటిన పొడివేడిలో అక్రిలమైడ్ అనే పదార్థాన్ని కూడా ఇస్తుంది. పిండి వంటకాలలో అది ఏర్పడుతున్నదని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2002లో వెల్లడించినప్పుడు ప్రపంచమంతటా కలకలం రేగింది. అంతకుముందే, 1994లో, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దానిని మనుషులలో బహుశా క్యాన్సర్ కలిగించగల పదార్థాల జాబితాలో చేర్చింది. ఈ నిర్ణయానికి ముఖ్యమైన ఆధారం జంతువులపై జరిగిన ప్రయోగాలు. మనుషుల ఆహారాన్ని పరిశీలించిన అధ్యయనాలలో నిలకడైన సంబంధం కనబడలేదు. అందువల్ల భయపడి దుంపలు మానవలసిన పని లేదు. నల్లబడేదాకా మాడ్చవలసిన పనీ లేదు.

బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ 2017లో ప్రజలకు చెప్పిన సలహా ఈ రెండింటికీ మధ్యస్థంగా ఉన్నది. కాల్చిన దుంప బంగారు వర్ణానికి రాగానే ఆపమన్నది ఆ సలహా. చలిలో నిల్వ ఉంచిన దుంపలో పిండి కొంత చక్కెరగా మారుతుందన్న కారణంతో, కాల్చదలచిన దుంపలను ఫ్రిజ్‌లో పెట్టవద్దని కూడా ఆ సంస్థ అప్పట్లో చెప్పింది. ఇళ్లలోని నిల్వను పరీక్షించిన తరువాత 2023లో ఆ రెండవ సలహాను ఉపసంహరించుకొన్నది. చెప్పిన మాటను పరీక్షకు పెట్టి, నిలవనిదానిని విడిచిపెట్టడమే శాస్త్రానికి మర్యాద. వంట రచనలు నేర్చుకోవలసిన మర్యాద కూడా అదే.

క్షారం అక్రిలమైడ్‌కు అనుకూలం, ఆమ్లం ప్రతికూలం. మరి సోడా పద్ధతి నిషిద్ధమా? అలా అనడానికి వీలులేదు. ఉడికించిన నీటితో పాటు కొంత చక్కెర, కొంత ఆస్పరజిన్ బయటికి పోతాయి. ఇది లాభపక్షం. కాని సోడా నీటిలో ఉడికిన ముక్క త్వరగా ఎర్రబడుతుంది కాబట్టి గడియారాన్ని నమ్మి కూర్చోరాదు, రంగును చూసి ఆపాలి. మరింత ఎర్రగా, ఇంకా ఎర్రగా అని ఉత్సాహపరిచే వంట రచనలు ఈ ఒక్క వాక్యం చేర్చకపోవడం లోపమే.

ఒకే పళ్లెంలో అన్ని దుంపలా?

బంగాళాదుంపకు నప్పిన పద్ధతిని పేరు మార్చి కారెట్టుకు, బీట్‌రూట్‌కు, చిలగడదుంపకు కూడా వర్తింపజేయడం వంట పుస్తకాలలో తరచుగా కనబడే మరొక పొరపాటు. అన్ని ముక్కలూ ఒకే పళ్లెంలో, ఒకే వేడిలో, ఒకే కాలం కాల్చమంటారు. భూమిలో పెరిగినంతమాత్రాన ఇవన్నీ ఒకే జాతి కావు, ఒకే పదార్థంతో నిండినవీ కావు.

కారెట్టులో నూటికి సుమారు 88 పాళ్లు నీరు. చక్కెరలు 5 పాళ్ల వరకు ఉండగా పిండి ఒకటి రెండు పాళ్లే. జిగురు పూత తయారుకావడానికి ముడిసరుకే లేదు. సోడా నీటిలో ఉడికిస్తే కారెట్టు చెదిరి ముద్దవుతుందిగాని కరకరలాడదు. పైగా చక్కెర గాలిలోని తేమను లాగుకొంటుంది కాబట్టి, ఓవెనునుండి తీసినప్పుడు గట్టిగా ఉన్న అంచు కూడా త్వరలోనే జిగటబారుతుంది. కారెట్టును సోడా లేకుండా, పచ్చిగానే, విడివిడిగా పరచి కాల్చి, దాని తీపినీ ఎర్రని అంచులనూ ఆస్వాదించడం మేలు.

బీట్‌రూట్‌లో పిండి దాదాపు శూన్యం. దాని ఎర్రని రంగు కొద్దిపాటి ఆమ్లంలో నిలుస్తుంది, క్షారంలో చెడి గోధుమ పసుపుగా మారుతుంది. సోడా దీనికి కరకర ఇవ్వకపోగా ఉన్న అందం తీసివేస్తుంది.

చిలగడదుంప సంగతి విచిత్రమైనది. ఇందులో పిండి ఉన్నది, కాని ఆ పిండిని మాల్టోజ్ అనే చక్కెరగా మార్చే ఎంజైము కూడా ఉన్నది. సుమారు 60 నుండి 75 డిగ్రీల మధ్య అది చురుకుగా పనిచేస్తుంది. కుంపటిలో నెమ్మదిగా కాలిన చిలగడదుంప తేనెలా తియ్యగా ఉండడానికి కారణం అదే. తీపి పెరిగినకొద్దీ కరకరకు అవకాశం తగ్గుతుంది, మాడే ప్రమాదం పెరుగుతుంది.

బంగాళాదుంపకు నిజంగా సమీపమైనది చేమదుంప. దానిలో పిండి బంగాళాదుంపకన్నా ఎక్కువ. ఉడికించి వేయిస్తే చక్కని కరకర వస్తుంది. అయితే దీనిలో నోటిని దురదపెట్టే కాల్షియం ఆగ్జలేటు సూదులు ఉంటాయి. కనుక ముందుగా బాగా ఉడికించడం కరకర కోసమే కాదు, తినడానికి వీలుగా ఉండడం కోసం కూడా.

ఆకులు, వెల్లుల్లి, నూనె

రోస్టు దుంపకు వాసననిచ్చేది రోజ్‌మేరీ అనే మధ్యధరా ప్రాంతపు మొక్క ఆకు, దానితోపాటు వెల్లుల్లి. వీటిని మొదటినుండీ దుంపలతో పాటు 230 డిగ్రీల వేడిలో పెడితే వెల్లుల్లి మాడి చేదెక్కుతుంది. లోపెజ్-ఆల్ట్ చెప్పిన మార్గం తెలివైనది. నూనెలో వీటిని కొద్దిసేపు వేయించి, వడగట్టి, వాసన పట్టిన నూనెను దుంపలకు పూసి, వేగిన ఆకును, వెల్లుల్లిని చివర కలపాలి. సుగంధ తైలాలు నీటికన్నా నూనెలో బాగా కరుగుతాయి. కరివేపాకు, వెల్లుల్లి పోపు వెనుక ఉన్న న్యాయం కూడా ఇదే.

దీనికి ఒక హెచ్చరిక చేర్చక తప్పదు. మిగిలిన వెల్లుల్లి నూనెను బయట నిల్వ ఉంచరాదు. నూనె గాలిని అడ్డుకొంటుంది, వెల్లుల్లిలో ఆమ్లగుణం తక్కువ. బొట్యులిజం కలిగించే ప్రాణాంతక విషాన్ని పుట్టించే సూక్ష్మజీవికి ఈ రెండూ అనుకూలం. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో నూనెలో నిల్వచేసిన వెల్లుల్లి వల్ల పలువురు ఈ విషానికి గురయ్యారు. ఇటువంటి నూనెను ఏ పూటకు ఆ పూట కాచుకొని వాడుకోవడమే క్షేమం.

తరగతిలో పరీక్ష

ఈ వాదాన్ని పాఠశాలలోనే పరీక్షించవచ్చు. ఒకే దుంపను సమానమైన ముక్కలుగా కోసి, తూచి, మూడు గిన్నెలలో పది నిమిషాలు ఉడికించాలి. ఒకదానిలో మామూలు నీరు, ఒకదానిలో లీటరుకు పావు చెంచా సోడా కలిపిన నీరు, మూడవదానిలో కొద్దిగా వెనిగర్ కలిపిన నీరు ఉండాలి. ముక్కలను ఒకే విధంగా పదిసార్లు కుదిపి, ఏ ముక్కకు ఎంత పూత పట్టినదో పోల్చాలి. ఓవెను లేకపోతే ఇనుప పెనంపై కొద్ది నూనెతో కాల్చినా తేడా తెలుస్తుంది.

వార్చిన నీటిలో ఎంత పిండి దిగినదో అయొడిన్‌తో చూడవచ్చు. దీనిలో మూడు జాగ్రత్తలు ఉన్నవి. నీరు పూర్తిగా చల్లారాలి, ఎందుకంటే వేడిలో నీలిరంగు నిలవదు. సోడా నీటిలోని క్షారం అయొడిన్‌ను హరిస్తుంది, కనుక ముందుగా కొంచెం వెనిగర్ కలిపి క్షారాన్ని పోగొట్టాలి. వెనిగర్‌కు బదులు నిమ్మరసం వాడరాదు, దానిలోని సి విటమిన్ కూడా అయొడిన్ రంగును పోగొడుతుంది. ఈ జాగ్రత్తలు పాటించనివారికి సోడా నీటిలో పిండే దిగలేదన్న తప్పు సమాధానం వస్తుంది.

మొత్తంమీద 2016 నాటి ఈ సవరణ మంచి సవరణే. దానికి శాస్త్రాధారం ఉన్నది, ఆచరణలో ఫలితం ఉన్నది. లోపం పద్ధతిలో కన్నా, దానిని అన్ని దుంపలకూ అన్ని నీళ్లకూ వర్తించే మంత్రంగా చెప్పుకోవడంలో ఉన్నది. అర చెంచా సోడా అన్న కొలతను కంఠస్థం చేసినవారు ఒక్క వంటకం చేయగలరు. పెక్టిన్ విడవాలి, పిండి జిగురు కావాలి, నీరు పోవాలి అన్న మూడు మాటలు తెలిసినవారు ఏ దుంపను ఎలా వండాలో తామే నిర్ణయించుకోగలరు.